డబ్బా మాత్రం మళ్ళీ తెచ్చివ్వు

"నువ్వు ఆ పోలీసు స్టేషన్ మెట్టెక్కావంటే నేనీ ఇంట్లో ఉండనమ్మా."

"ఉండకపోతే పో. మందు నాది. డబ్బా నాది. పంపింది నేను. లోపల పడి ఉన్నది అతను."

"నీదని ఎవరికి తెలుసు? మనం చెప్తేనేగా తెలిసేది!"

"చెప్తే తెలుస్తుందనేగా వెళ్తానంటున్నది."

"నీకర్థం కావట్లేదు. ఇదేం గట్టు తగాదా కాదు. బాంబులు. పట్నంలో బాంబులు పేలి జనం చచ్చిపోయారు. ఇప్పుడు వాళ్ళకి ఎవడో ఒకడు కావాలి. మధ్యలో ఎవడి పేరు వినపడితే వాణ్ణి లాక్కుపోతారు."

"ఆ ఒక్కడూ అతనైతే నీకు ఫరవాలేదా?"

మావాడు తల తిప్పుకుని గేటు వైపు చూశాడు. గేటు బయట, గోడ నీడలో, దూదేకులాయన భార్య కూర్చుని ఉంది. నా గొంతు మామూలుగానే పెద్దది, మావాడిది నా గొంతే. మేమన్న ప్రతి మాటా ఆమెకి వినపడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "ఇక్కడే ఉంటాలేమ్మా, మీరు మాట్లాడుకోండి" అంది.

మాది పర్చూరు వైపు పల్లె. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది అప్పటికి. పత్తి తీతలయ్యాక, మిరప మొదటి కోత కళ్ళంలో ఎండుతున్న రోజుల్లో ప్రతి ఏడూ దూదేకులాయన పక్కూరి నుంచి సైకిలు మీద మా ఊరొచ్చేవాడు. సైకిలుకి అడ్డంగా మనిషంత విల్లు, దానికి నరంతో పేనిన తాడు, ఆ తాడుని కొట్టే కొయ్య. మా ఇంటి ముందుకు రాగానే సైకిలు దిగేవాడు. "పెద్దమ్మగారూ, దూదుందా?" అని కేకేసేవాడు. ఉందని అతనికీ తెలుసు. తీతలో మిగిలిన గుడ్డి పత్తి, వానకి తడిసి రంగు మారిన పత్తి, బేరగాడు వద్దని పక్కన పడేసింది, అంతా ఏరి గింజ తీయించి పెట్టేదాన్ని. నేను ఏదీ పారేయను. అతను మా వసారాలో కూర్చుని విల్లు వాయిస్తుంటే ఇల్లంతా ఒకటే మోత, గాల్లో దూది పింజలు. పరుపు కుట్టి లేచేసరికి మనిషి తలా మీసమూ తెల్లబడి ముసలాడిలా ఉండేవాడు. "మీకంటే పెద్దోణ్ణయ్యానమ్మా ఇవాళ, దణ్ణం పెట్టించుకోవాలి" అని నవ్వించేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. పరుపు మూలలు నొక్కి చూసి, "ఇక్కడ పలచనైంది, మళ్ళీ పొయ్యి" అనేదాన్ని. పోసేవాడు.

సాయిబు అని పేరే గాని ఆ ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళ అమ్మా నాన్నా, తాతలూ అందరూ తెలుగే. దర్గాకి వెళ్తారు, మా జాతరకీ వస్తారు. ఉర్దూ ముక్క రాదు. ఇది ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, తర్వాత అదే అతని నేరమయింది.

ఆ ఏడు పరుపు సగంలో ఉండగా మా అమ్మాయి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. దాన్ని ప్రత్తిపాడు దగ్గరి పల్లెకిచ్చాం. వాళ్ళది వెనక వేసిన తోట, ఆకు అడుగున బూడిద తెగులు పట్టిందని ఏడుపు. నా దగ్గర గంధకం సగం సంచీ మిగిలి ఉంది. కొత్తది కొనడమెందుకు? మనిషిని బస్సెక్కించి పంపడం మాత్రం ఎందుకు? మర్నాడు దూదేకులాయన అటు వైపే వెళ్తున్నాడు, అక్కడెవరో పరుపులకి రమ్మన్నారట, మాది తిరిగొచ్చాక ముగిస్తానన్నాడు. అచ్చు వేసిన సంచీ చిరుగుతుందని, మిగతా మందుకి అదే కావాలని నా దగ్గరే ఉంచుకుని, ఇవ్వాల్సిన పొడి మనవడి పాలపొడి డబ్బాలో పోశాను. డబ్బా మీది కాగితం ఎప్పుడో ఊడిపోయింది. మూత గట్టిగా బిగించి అతని చేతికిచ్చాను.

"ఏంటమ్మా ఇది?"

"మందు. మా అమ్మాయికివ్వు. డబ్బా మాత్రం మళ్ళీ తెచ్చివ్వు, అక్కడే వదిలేసి రాకు."

"మీ డబ్బా వదిలేస్తే మళ్ళీ ఈ గడప తొక్కనిస్తారా!" అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

ఆ గంధకం మా అమ్మాయి ఊళ్ళో, వాళ్ళింటికి నాలుగడుగుల్లో ఉన్న పురుగుమందుల కొట్లోనే దొరుకుతుంది.

పట్నంలో బాంబులు పేలిన కొత్త అది. టీవీలో రోజూ అవే బొమ్మలు, చెప్పులు చెల్లాచెదురుగా, నేల మీద రక్తం. నేనూ చూశాను, చేసినవాళ్ళని తిట్టాను, ఇప్పటికీ తిడతాను. రోడ్ల మీద అడ్డం పెట్టి అందర్నీ వెతుకుతున్నారు. అక్కడ ఇతన్ని ఆపారు. విల్లు చూసి ఇదేంటన్నారు, చెప్పాడు. పేరడిగారు, చెప్పాడు. డబ్బా చూపించి ఇందులో ఏముందన్నారు.

"మందండి" అన్నాడు.

మా వైపు మందంటే అదే. చేలో కొట్టేది మందు, జ్వరానికి మింగేది మందు, మగాళ్ళు సాయంత్రం తాగేదీ మందే. ఏది ఏదో సందర్భాన్ని బట్టి అందరికీ తెలుస్తుంది. నేను చెప్పినట్టే అతను చెప్పాడు. కానీ రాళ్ళు పగలగొట్టే క్వారీల్లో పేల్చేదాన్ని కూడా మందే అంటారు. ఆ రోజు, ఆ పేరున్న మనిషి నోట్లోంచి వచ్చేసరికి వాళ్ళకి ఆ ఒక్క అర్థమే తోచింది. అక్కడున్న కుర్ర ఎస్సైకి చేలో మందు సంగతి తెలియదని నేననుకోను. రైతుబిడ్డే అయ్యుంటాడు. మూత తీసి చూస్తే పసుపుపచ్చ పొడి. ఎవరో వాసన చూసి గంధకం అన్నారు. గంధకం బాంబుల్లో వేస్తారని ఇంకెవరో అన్నారు. ఇక అంతే. విల్లూ, సైకిలూ, మనిషీ స్టేషన్లో పడ్డారు.

అతను మొదటి గంటలోనే మా ఇంటి పేరు చెప్పాడు. ఆ సాయంత్రమే ఒక కానిస్టేబులు మోటారు సైకిలు మీద మా ఇంటికొచ్చాడు. నేను ఇంట్లో లేను. కాయలు ఎండేటప్పుడు నేను కళ్ళం వదలను, తిండి కూడా అక్కడికే తెప్పించుకుంటాను. మావాడు గుమ్మంలో నిలబడి, "మాకేం తెలియదండి. పరుపులు కుట్టేవాడు, ఏడాదికోసారి వస్తాడు, అంతే" అన్నాడు. వాడు నాకు ఆ మాట చెప్పలేదు, కోడలూ చెప్పలేదు. వసారాలో సగం ఏకిన దూది మీద చీర కప్పి ఉంచారు. కానిస్టేబులు దాని పక్కనే నిలబడి మంచినీళ్ళు తాగి వెళ్ళాడట.

నాకు చెప్పింది దూదేకులాయన భార్య. ఎవరో చెబితే కళ్ళానికే నడిచొచ్చింది. కాయల చుట్టూ తిరిగి, తొక్కకుండా జాగ్రత్తగా వచ్చి, నా ముందు నిలబడింది. ఆమె కోపంగా అడిగినా బాగుండేది. "అమ్మా, అది మిరప మందేనా? ఆయన మిరప మందన్నాడు. నేనూ అదే చెప్తున్నాను వాళ్ళతో. తప్పు చెప్పట్లేదు కదా నేను?" అంది. ఇల్లూ వాకిలీ వదిలి స్టేషన్ బయట కూర్చుని, వచ్చేపోయే ప్రతివాడికీ ఆ మాటే చెబుతోందట. అది నిజమో కాదో కూడా సరిగా తెలియకుండా, మొగుడు చెప్పాడు కాబట్టి.

అలా ఆమెని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాను. అప్పుడు మొదలైంది ఆ గొడవ.

"ఒరేయ్, నేను చదివింది మూడో తరగతి. నువ్వు డిగ్రీ చదివావు. పట్టుకున్న మనిషిని ఎంతసేపు ఉంచుకోవచ్చురా?"

"ఇరవై నాలుగ్గంటల్లో జడ్జి ముందు పెట్టాలి."

"ఇవాళ్టికి మూడో రోజు."

"పెట్టాలని ఉందన్నాను. పెడతారన్నానా?"

"ఇంటికొచ్చి అడిగినవాడితో తెలియదన్నావుట."

"అన్నాను. మళ్ళీ అడిగినా అదే అంటాను. నాకు పిల్లలున్నారు."

"అతనికి లేరా?"

"అమ్మా, నీకు లోపల ఎట్లా ఉంటుందో తెలియదు!" అని అరిచాడు. అరిచి, వెంటనే గొంతు తగ్గించేశాడు. కోడలు వంటింటి గుమ్మంలోంచి ఒకసారి తొంగి చూసి లోపలికి పోయింది.

నాకు తెలియదు, నిజమే. వాడికి తెలుసు. తొంభైల చివర, వాడు డిగ్రీలో ఉండగా, అన్నల కోసం గాలిస్తూ పోలీసులు బస్సాపి వాణ్ణి దించారు. గడ్డముంది, సంచీలో పుస్తకాలున్నాయి. అంతకంటే ఏమీ లేదు. మర్నాడు మా ఆయన ఊరి పెద్దల్ని తీసుకెళ్ళి విడిపించుకొచ్చాడు. వచ్చిన రోజే గడ్డం గీయించుకున్నాడు, మళ్ళీ పెంచలేదు. కొట్టారా అంటే లేదన్నాడు. కానీ వారం దాకా చెప్పులేసుకోలేదు. మడమల మీద నడిచేవాడు. అది నేను చూశాను. చూసి, ఇంకేమీ అడగలేదు. ప్రాణాలతో ఇంటికొచ్చాడు చాలు అనుకున్నాను. బంధువులు అడిగితే, స్నేహితుడి ఊరెళ్ళాడని చెప్పాం. ఏ తప్పూ చెయ్యని పిల్లవాణ్ణి పట్టుకెళ్ళినందుకు వాళ్ళు సిగ్గుపడాల్సింది పోయి మేం పడ్డాం.

వాడితో ఇంక వాదించలేదు. అటకెక్కి, మిగిలిన గంధకం సంచీ దించి, నోరు తాడుతో కట్టి చంకన పెట్టుకున్నాను. దూదేకులాయన భార్యా నేనూ బస్సెక్కాం. సీటుంటే కూర్చోమన్నాను, కూర్చోలేదు. దిగేదాకా కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది.

స్టేషన్ దగ్గర ఆమె అలవాటుగా వేపచెట్టు కింద తన చోటుకి పోబోయింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. రాసుకుంటున్న కానిస్టేబులు ఆమెని చూసి, "మళ్ళీ వచ్చావా? నీకు ఎన్నిసార్లు చెప్పాలే" అన్నాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. నా చీరా, మెడా, నిలబడ్డ తీరూ చూసినట్టున్నాడు. "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

ఎస్సై గది చిన్నది. కుర్రవాడు, మావాడి కంటే చిన్నవాడు. నిద్ర లేని కళ్ళు. ఊరు చెప్పాను, ఇంటిపేరు చెప్పాను.

"మీరేవిట్లండీ?" అన్నాడు.

చెప్పాను. మిగతా ప్రశ్నలకి చెప్పినట్టే దానికీ చెప్పాను. అతను కుర్చీలో కాస్త ముందుకు జరిగి, "కుర్చీ తీసుకురండి అమ్మగారికి" అని కేకేశాడు. తెచ్చారు. కూర్చున్నాను. ఎండన పడి వచ్చిన దాన్ని, మోకాళ్ళ నొప్పులు, కూర్చున్నాను. ఆమె నా కుర్చీ వెనక నిలబడింది.

సంచీ బల్ల మీద పెట్టాను. "ఇది నా మందు బాబూ. గంధకం. మిరపకి బూడిద తెగులు పడితే నీళ్ళలో కలిపి కొడతాం. ఇందులోంచే డబ్బాలో పోసి మా అమ్మాయికి పంపాను. ఆ పొడీ ఈ పొడీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. కావాలంటే మా అమ్మాయికి ఫోన్ చెయ్యండి, నంబరిస్తాను."

సంచీ తిప్పి అచ్చు చదివాడు. వేలితో కాస్త పొడి తీసి చూశాడు. పెద్దసేపేం పట్టలేదు. "ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా అమ్మగారూ?" అన్నాడు.

"ముందే చెప్పారుగా. అతను చెప్పాడు. ఈ పిల్ల మూడు రోజుల్నుంచీ మీ వాకిట్లో కూర్చుని చెప్తోంది. నేనేం కొత్త మాట చెప్పలేదు. వాళ్ళన్నదే నేనూ అన్నాను."

ఎస్సైకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. నవ్వాడు. నన్ను తనవైపు మనిషిననుకుని నవ్వాడు. "ఎవరు చెప్తున్నారో కూడా చూడాలి కదమ్మా. వీళ్ళని నమ్మడానికి లేదు. ఉర్దూలో అడిగితే రాదంటాడు. సాయిబుకి ఉర్దూ రాకపోవడమేంటి? దాస్తున్నాడనుకోమా?"

"వాళ్ళకి రాదు బాబూ. మా వైపు దూదేకులవాళ్ళందరిదీ తెలుగే."

"అట్లాగా?" అన్నాడు, ఏదో పంట సంగతి తెలుసుకున్నట్టు. "కాఫీ తాగుతారా అమ్మగారూ?"

నా మెడ వెనకాల ఆమె ఊపిరి తగులుతోంది. అన్ని రోజులు ఆమె చెప్పిన మాట మాట కాలేదు. అదే మాట కుర్చీలో కూర్చుని నేనంటే నిజమైంది. అతను బయటికొస్తున్నాడన్న సంతోషం నాకు రావాలి. రాలేదు. నా వంటి మీద ఎవరివో బట్టలున్నట్టనిపించింది. నా కులం అడిగి నా మాట నమ్మారు. అడగ్గానే చెప్పాను కదా.

కాఫీ వద్దన్నాను.

అతన్ని తెచ్చారు. చొక్కా ఉంది, గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. చెప్పులు కాళ్ళకి లేవు, చేతిలో పట్టుకున్నాడు. మడమల మీద నడుస్తున్నాడు. ఆ నడక నాకు తెలుసు. మా ఇంట్లో, మా వసారాలో, వారం పాటు చూసిన నడక.

నన్ను చూసి చెప్పులున్న చేత్తోనే దణ్ణం పెట్టబోయాడు. కుడిచెయ్యి భుజం దాకా లేవలేదు.

రోజూ పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి పోవాలన్నారు, మళ్ళీ చెప్పేదాకా. తప్పు లేనివాడికి సంతకమెందుకని అడిగాను. "పద్ధతమ్మా" అన్నాడు ఎస్సై. సైకిలు తర్వాత ఇస్తామన్నారు. విల్లు ఇచ్చారు. దాని నరం కోసేసి ఉంది, లోపలేముందో చూశారట. విల్లు కొయ్యని ఆమె భుజాన వేసుకుంది.

బయటికొస్తే వేపచెట్టు కింద మా మోటారు సైకిలు. మావాడు దాని మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, లోపలికి మాత్రం రాలేదు. మెట్లు దిగుతున్న దూదేకులాయన పాదాల వైపు చూశాడు, చూసి వెంటనే కళ్ళు తిప్పేసుకున్నాడు. నావైపు కూడా చూడలేదు. బండి స్టార్టు చేసి, మెట్ల దాకా తెచ్చి ఆపాడు. అతను మొహమాటపడుతుంటే, "ఎక్కవయ్యా, ఎట్లా నడుస్తావు" అన్నాడు. వాళ్ళిద్దరూ వెళ్ళారు. మేం ఆడవాళ్ళం మళ్ళీ బస్సు.

బస్సులో ఆమెకి ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. నా అంత మాటకారి ఊళ్ళో లేదంటారు. కిటికీలోంచి పత్తికట్టె పొలాలు పోతుంటే చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు, "రేపు ఏదైనా వండి పంపుతాను" అన్నాను. "ఎందుకమ్మా మీకు శ్రమ" అంది.

ఇంట్లో మావాడు చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. వడ్డిస్తూ, ఇన్నేళ్ళకి, "అప్పుడు నిన్ను కూడా అట్లాగే..." అని మొదలుపెట్టాను.

"చారు పొయ్యమ్మా" అన్నాడు.

పోశాను.

మర్నాడు పొద్దున్న నేను వాకిలి ఊడ్చి ముగ్గు పెడుతుంటే గేటు చప్పుడైంది. దూదేకులాయన భార్య. ఆయన సంతకానికి నడిచే బయల్దేరాడని చెప్పింది. చెయ్యి లేవడం లేదు, దూది ఇంకెవరి చేతైనా ఏకించుకోమన్నాడని చెప్పింది. తర్వాత కొంగు చాటు నుంచి పాలపొడి డబ్బా తీసింది. నిన్న వచ్చేటప్పుడు ఆయనే కానిస్టేబుల్ని అడిగి తెచ్చుకున్నాడట. లోపలి పొడి వాళ్ళు పారబోశారట. ఎక్కడా పసుపు మరక లేకుండా బూడిదతో తోమి, కడిగి, తుడిచింది.

"మీ డబ్బా అమ్మా. మళ్ళీ తెచ్చివ్వమన్నారంటగా."

ముగ్గుచేతులు చీరకి తుడుచుకుని తీసుకున్నాను. అలవాటుకొద్దీ మూత సరిగ్గా పడుతుందో లేదో తిప్పి చూశాను. ఆమె చూస్తూనే ఉంది.